ఎవరి నిర్ణయం? ‘మృణ్మయనాదం’ మళ్ళీ చదువుకుంటూ...

“మరైతే మా వాకపల్లోళ్ళు అన్నేళ్ళు కోర్టుకెందుకు తిరిగారు మేడం?”

అరకు ప్రాంతంలో నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీలో రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వానాకాలం. కిటికీ అవతల సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మబ్బు దిగింది. మధ్యాహ్నమే లైటు వేసుకుని కూర్చున్నాం. సిలబస్‌లో లేకపోయినా ఓల్గా ‘విముక్త’ సంపుటిలోంచి ‘మృణ్మయనాదం’ కథ చదివి వినిపించాను. కథ అయ్యాక, అహల్య సీతకు చెప్పినదాని సారాన్ని నా మాటల్లో బోర్డు మీద రాశాను. నీ మీద విచారణ జరిపే హక్కు ఎవరికీ లేదు, ఆ అధికారానికి తల వంచకు అని.

నాకు చాలా ఇష్టమైన పాఠం అది. ఎన్నిసార్లు చెప్పినా ఆ చోటుకొచ్చేసరికి గొంతు కాస్త వణుకుతుంది. ఆ అమ్మాయికి మాత్రం వణుకేమీ లేదు. లెక్క తేలనప్పుడు అడిగినట్టు అడిగింది. విచారణకి ఒప్పుకోకపోవడమే ఆత్మగౌరవమైతే, విచారణ జరిపించండని పట్టుబట్టిన ఆడవాళ్ళ సంగతేమిటని ఆమె సందేహం. నేను అప్పటికేదో చెప్పి, బెల్లు కొట్టగానే పుస్తకం మూసేశాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు కోసం వెతుక్కోవడమే ఈ వ్యాసం.

ముందు కథ గురించి. అహల్యకు వచ్చినవాడు ఇంద్రుడని తెలుసా, తెలియదా అన్నది మన పురాణ సాహిత్యం పదేపదే వేసుకున్న ప్రశ్న. వాల్మీకి తెలుసన్నాడు. తరువాతి వాళ్ళు కొందరు తెలియదన్నారు. తెలిస్తే పాపం, తెలియకపోతే జాలి. ఓల్గా కథలో అహల్య ఈ రెండు జవాబుల్నీ పక్కకు నెట్టేస్తుంది. అసలు ఆ ప్రశ్న అడిగే హక్కు మీకెవరిచ్చారన్నది ఆమె ఎదురు ప్రశ్న. తన శరీరానికి సంబంధించిన నిజానిజాలు తేల్చే పనిని భర్తకు గాని, లోకానికి గాని ఆమె అప్పగించదు. శీల పరీక్ష అనే వ్యవస్థనే తిరస్కరించిన గొప్ప కథ ఇది. ఈ మాట మీద నాకిప్పటికీ రెండో అభిప్రాయం లేదు.

ఆధునిక తెలుగు కథలో స్త్రీల నిర్ణయాల మీదే నా పిహెచ్‌డి. అందులో ఒక అధ్యాయమంతా ఈ సంపుటి గురించే. స్త్రీ తన నిర్ణయం మీద తాను నమ్మకం నిలుపుకోవాలంటే ఎవరి ఆమోదమూ అడగకూడదు, ఎవరి తీర్పూ కోరకూడదు, ఒంటరిగా నిలబడగలగాలి అని రాశాను. దానికి అహల్యను పరాకాష్ఠగా చూపించాను. మౌఖిక పరీక్షలో ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. నేను అందులో ఏం దాచానో పరీక్షకులకు తెలిసే అవకాశం లేదు.

2015లో, పరిశోధనలో చేరిన మూడో సంవత్సరం, నాకన్నా చాలా పై స్థానంలో ఉన్న ఒక వ్యక్తి ప్రవర్తన గురించి ఫిర్యాదు రాశాను. పేజీంపావు ఉత్తరం. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద చట్టం వచ్చి అప్పటికి రెండేళ్ళయింది. కమిటీ ఉంది, సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. హాస్టల్లో నా పక్క గది స్నేహితురాలు రాత్రంతా కూర్చుని ఆ ఉత్తరంలో తేదీలు సరిచూసింది. తొమ్మిదో రోజున నేను దాన్ని వెనక్కి తీసుకున్నాను.

ఆ తొమ్మిది రోజుల్లో ఎవరూ నన్ను బెదిరించలేదు. అడిగారు, అంతే. “నువ్వేమీ అపార్థం చేసుకోలేదు కదమ్మా?” అని ఒకరు. “పెళ్ళి కావలసినదానివి, ఆలోచించుకున్నావా?” అని ఇంకొకరు. ఈ రెంటికీ సమాధానం చెప్పగలిగాను. నన్ను నిజంగా పడగొట్టింది మూడో ప్రశ్న. “ఇది నీ అంతట నువ్వు తీసుకున్న నిర్ణయమేనా? నీ వెనక ఎవరున్నారు?”

ఉన్నారు కదా మరి! తేదీలు సరిచూసిన స్నేహితురాలు ఉంది. ఆమె లేకపోతే ఆ ఉత్తరం నా డైరీలోనే ఉండిపోయేది. అయితే ఈ నిర్ణయం నాది కాదేమో, ఆమెదేమోనన్న పురుగు నాలో దూరింది. నాదేనని రుజువు చేసుకోడానికి ఆమెతో ఆ సంగతి మాట్లాడడం మానేశాను. అమ్మతో అసలు ఎత్తలేదు. కమిటీ ముందుకు రెండోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. నా నిర్ణయాన్ని పూర్తిగా నాదిగా చేసుకోవాలనుకుని, దాన్ని మోసే చేతులన్నిటినీ ఒక్కొక్కటిగా విడిపించుకున్నాను. ఆ తర్వాత బరువు మోయలేక కింద పెట్టేశాను.

పెట్టేశాక, చదువుకున్నదాన్ని కదా, ఒక సిద్ధాంతం అవసరమయింది. అహల్య దొరికింది. విచారణ అనేదే అవమానం కాబట్టి దాన్నుంచి తప్పుకోవడమే ఆత్మగౌరవం అని రాసుకున్నాను. ఆ అధ్యాయంలో ప్రతి వాక్యమూ కథ విషయంలో నిజం. నా విషయంలో అబద్ధం. అహల్య అధికారాన్ని తిరస్కరించింది. నేను భయపడ్డాను. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ స్త్రీ విచారణ గది దాటి బయటికి వచ్చేస్తుంది కాబట్టి.

ఇప్పుడు వాకపల్లి. జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలో చిన్న కోందు పల్లె. అప్పట్లో విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. 2007 ఆగస్టు 20 ఉదయం కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి స్త్రీలు పదకొండు మంది పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు అబద్ధమన్నారు. కూంబింగును ఆపించడానికి మావోయిస్టులు వీళ్ళతో చెప్పిస్తున్నారన్నారు. కేసు మూసెయ్యవచ్చని నివేదిక వచ్చింది. ఆ స్త్రీలు దాన్ని ఒప్పుకోలేదు. 2012లో హైకోర్టు పదమూడు మంది మీద విచారణ జరగాలంది. 2017లో సుప్రీంకోర్టు విచారణ ఇంకా ఆలస్యం చెయ్యవద్దంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు చేసినవాళ్ళ వైఫల్యాన్ని అదే తీర్పు ఎత్తిచూపింది. ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఫిర్యాదుకీ తీర్పుకీ మధ్య పదిహేనేళ్ళ ఏడు నెలలు.

వాళ్ళనీ అదే ప్రశ్న అడిగారని గమనించండి. ఇది మీ అంతట మీరు తీసుకున్న నిర్ణయమేనా, మీ వెనక ఎవరున్నారు? నన్ను అడిగిన గదికీ, వాళ్ళను అడిగిన చోట్లకీ పోలికే లేదు. నేను పోగొట్టుకున్నదానికీ వాళ్ళ మీద పడినదానికీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు, అలా తెస్తే అది ఇంకో రకం దోపిడీ అవుతుంది. ప్రశ్న మాత్రం ఒకటే. ఆడది, అందునా కొండమీది ఆడది, తనకు జరిగినదాని గురించి తానే ఒక నిర్ణయానికి వచ్చి, దాని వెంట నడవగలదని నమ్మడానికి లోకం సిద్ధంగా లేదు. ఎవరో ఒకరు చెప్పించి ఉండాలి.

ఈ కొండల పేరులోనే ఆ అపనమ్మకం ఉంది. నేను చదువుకున్న స్త్రీవాద సిద్ధాంతంలో ఏజెన్సీ అంటే కర్తృత్వం, తన జీవితానికి తాను కర్తగా ఉండగల శక్తి. ఈ ప్రాంతం వాళ్ళకి ఏజెన్సీ అంటే తాము బతికే చోటు. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు తరఫు ఏజెంటుగా పెట్టారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది. మా తరగతి గదుల్లో స్వయం నిర్ణయానికి వాడే మాట, ఇక్కడ ఇంకొకరు తమ తరఫున నిర్ణయాలు చేసిన చరిత్రకు పేరు.

తెలుగు సాహిత్యం కూడా వీళ్ళ తరఫున చాలా నిర్ణయాలు చేసింది. మైదాన ప్రాంతం నుంచి వెళ్ళిన రచనల్లో కొండ స్త్రీ తరచుగా రెండు రూపాల్లోనే కనిపిస్తుంది. ఒకటి, ఏ కట్టుబాట్లూ లేని స్వేచ్ఛాజీవి. ఇష్టమైనవాడితో వెళ్ళిపోగలదు, నచ్చకపోతే వదిలి రాగలదు, థింసా ఆడగలదు. రెండోది, మోసపోయిన అమాయకురాలు. మొదటి ఆమెకు నిర్ణయంతో పని లేదు, అన్నీ ప్రకృతే చేయిస్తుంది. రెండో ఆమెకు నిర్ణయించే తెలివి లేదు. సంతలో అల్లం బుట్ట ముందు కూర్చుని, దళారీ చెప్పిన ధరకు తల అడ్డంగా ఊపి, సాయంత్రం దాకా ఆగి అమ్ముకునే ఆడమనిషిని ఇక్కడ వారం వారం చూస్తాను. రోజంతా చిన్నచిన్న నిర్ణయాలు చేస్తూ, వాటి నష్టం తానే భరిస్తూ బతికే ఆ మనిషి ఈ రెండు రూపాల్లోనూ ఇమడదు.

స్త్రీవాద విమర్శకులం మనమేం చేశామన్నది నాకు ఇంకా ముఖ్యమైన ప్రశ్న. నిర్ణయం అనగానే మనకు గుర్తొచ్చే దృశ్యం గడప దాటడం. ఒక స్త్రీ, ఒక రాత్రి, ఒక తలుపు. ఆమె వెనక ఎవరూ ఉండకూడదు, ఉంటే నిర్ణయం పలచబడినట్టు. ఈ కొలత పట్టుకుని చూస్తే, పదకొండు మంది కలిసి కొండ దిగి వచ్చి చేసిన నిర్ణయం మనకు నిర్ణయంలా కనిపించదు. ఎవరో నడిపించిన గుంపులా కనిపిస్తుంది. “మీ వెనక ఎవరున్నారు” అని అడిగిన అధికారికీ, ఒంటరితనాన్ని కర్తృత్వానికి గుర్తుగా పెట్టుకున్న నా అధ్యాయానికీ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ఆ సంగతి నాకు అర్థమైన రోజు నిద్ర పట్టలేదు.

అప్పుడు మళ్ళీ కథల దగ్గరికి వెళ్ళాను. తప్పు కథలది కాదనీ, నేను చదివిన తీరుదనీ తెలిసింది. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. ఇల్లంతా వెతుక్కుంటుంది, ఊళ్ళో వాళ్ళను అడుగుతుంది. చివరికి ఆ పేరు ఆమెకు తిరిగి దొరికేది ఒక పాత స్నేహితురాలు ఆ పేరు పెట్టి పిలిచినప్పుడు. ఇన్నేళ్ళూ దీన్ని నేను అస్తిత్వ అన్వేషణ కథగా చెబుతూ వచ్చాను. వెతుకులాట గురించి పేజీలు రాశాను. పిలిచిన మనిషి గురించి ఒక్క వాక్యం రాయలేదు. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో కుండీలో కుదించిన చెట్టుకీ ఆరుబయట పెరిగిన చెట్టుకీ మధ్య తేడా విత్తనంలో లేదు. వేరు పోవడానికి చోటు దొరకడంలో ఉంది. ధైర్యం పుట్టుకతో వచ్చే గుణం కాదని ఆ కథ ఎప్పుడో చెప్పింది. ఎండకూ గాలికీ వదిలితేనే కాండం గట్టిపడుతుంది. నిర్ణయాలు చెయ్యనిస్తేనే నిర్ణయించగలనన్న నమ్మకం వస్తుంది.

‘విముక్త’ అయితే మరీ! సీత ఏ నమ్మకమూ ఒక్కతే కూర్చుని సంపాదించుకోలేదు. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ, ఒక్కొక్క కథలో ఒక్కొక్కరు ఆమెకు ఎదురొచ్చారు. తమ గాయాల నుంచి తాము నేర్చుకున్నది ఆమెకు చెప్పారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, వాదించింది, ఏళ్ళ తరబడి మోసుకు తిరిగింది. సీత చివరి నిర్ణయం వెనక ఎవరున్నారని ఎవరైనా అడిగితే, నలుగురు ఆడవాళ్ళున్నారని చెప్పాలి. అందువల్ల ఆ నిర్ణయం సీతది కాకుండా పోయిందా? నలుగురి మాటా విని, అందులో తనకు సరిపడినది తీసుకున్నది సీతే కదా. పుస్తకం నిర్మాణమే ఇలా ఉంటే, నేను అందులోంచి ఒంటరి వీరనారిని ఎలా తవ్వి తీశానో నాకే ఆశ్చర్యం. నాకు ఆమె అవసరం కాబట్టి తీశాను.

కలిసి చేసిన నిర్ణయాన్ని దేవుణ్ణి చెయ్యడం కూడా ప్రమాదమే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిస్తూ 1996లో పెసా చట్టం వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కొండలకు పెద్ద అండ అయింది. అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరా ఇమ్మంది. అయినా ఊరి సమావేశాల్లో వెనక వరసలో కూర్చుని, తీర్మానం మీద వేలిముద్ర వేసి లేచిపోయే ఆడవాళ్ళను నేను చూశాను. నలుగురూ కలిస్తే ఒకరి నోరు నొక్కడమూ సులువే. కాబట్టి వెనక ఎవరైనా ఉన్నారా లేదా అని లెక్కపెట్టినందువల్ల ఏమీ తేలదు. ఉన్నవాళ్ళు ఆమె మాట ఆమె చెప్పేలా నిలబడ్డారా, ఆమె బదులు తామే చెప్పేశారా అన్నది చూడాలి. నా స్నేహితురాలు ఉత్తరంలో తేదీలు దిద్దింది, వాక్యాలు దిద్దలేదు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. అహల్య వద్దన్న విచారణా, వాకపల్లి స్త్రీలు అడిగిన విచారణా ఒకటి కావు. అహల్య కథలో బోనులో నిలబెట్టింది ఆమెను. ఆమె శీలాన్ని తేల్చడానికి జరిగే విచారణ అది, దాన్ని ఆమె తిరస్కరించింది. వాకపల్లి స్త్రీలు తమ గురించి తేల్చమనలేదు. వాళ్ళ గురించి తేల్చండి అన్నారు. ఒకటి తనను ప్రశ్నించే అధికారాన్ని కాదనడం, రెండోది అధికారాన్నే ప్రశ్నకు నిలబెట్టడం.

ఇంత తేలిగ్గా విడదీసి ఊరుకోలేం. న్యాయస్థానంలో ఈ రెండు విచారణలూ కలిసిపోవడం మనకు తెలుసు. 1972లో మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ అమ్మాయి పోలీసుల మీద ఫిర్యాదు చేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆమె ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని చూసి పోలీసులను విడిచిపెట్టింది. వాళ్ళ గురించి తేల్చమంటే ఆమె గురించి తేల్చారు. దాని మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, ఉద్యమం లేచింది, 1983లో చట్టం మారింది. కాబట్టి అహల్య హెచ్చరిక ఉత్తిది కాదు. ఆ గదిలోకి వెళ్ళే స్త్రీకి ఏమవుతుందో ఆమెకు తెలుసు. వాకపల్లి స్త్రీలకు వెళ్ళేటప్పుడు ఎంత తెలుసో నేను చెప్పలేను. కాని మొదటి ఏడాది గడిచేసరికి బాగా తెలిసే ఉంటుంది. తెలిశాక కూడా మళ్ళీ వెళ్ళారు.

ఆ ‘మళ్ళీ’ని మన కథలు ఇంకా పట్టుకోవాల్సి ఉంది. మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’లో దోప్ది చివరి దృశ్యం మనందరికీ గుర్తే. బట్ట కట్టుకోనని సేనానాయక్ ఎదుట నిలబడుతుంది, అతనికి మొదటిసారి భయం వేస్తుంది. కథ అక్కడ ఆగుతుంది. ఆగాలి కూడా. వాకపల్లి కథకు అలాంటి చివరి దృశ్యం లేదు. వాయిదాలున్నాయి, ఘాట్ రోడ్డు దిగిన బస్సులున్నాయి, తమ ఇంటిభాష కాని భాషలో జరిగిన విచారణ ఉంది, చివర్లో గెలుపు కాని తీర్పు ఉంది. నిర్ణయం అన్నది ఒక్క రాత్రి మెరుపు అనుకుంటే ఇందులో కథ కనిపించదు. ఒకసారి అనుకున్నదాన్ని మర్నాడు పొద్దున మళ్ళీ అనుకోవడమే నిర్ణయమైతే, ఇంతకన్నా కథ ఏముంది? నిర్ణయం ఫలిస్తేనే అది సరైనదని అనుకునే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. కేసు నిలవకపోవడానికి కారణం దర్యాప్తు. ఫిర్యాదు చెయ్యాలన్న వాళ్ళ నిర్ణయంలో ఏ లోపమూ అందువల్ల రుజువు కాలేదు.

మర్నాడు క్లాసులో ఇదంతా ఇంత పద్ధతిగా చెప్పలేదు. నేను కథను తప్పుగా చెప్పానని మాత్రం ఒప్పుకున్నాను. ఎందుకు తప్పుగా చెప్పానో చెప్పడానికి నా ఉత్తరం సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. పేర్లు లేకుండా, నాలుగు ముక్కల్లో. “కొన్ని పరిస్థితుల వల్ల వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది” అన్నాను.

“ఎవరు తీసుకున్నారు మేడం?” అంది అదే అమ్మాయి. అర్థం కాక అడిగిందే, ఎత్తిపొడుపు కాదు.

మన భాషలో ఇలాంటి వాక్యాలకు కొదవ లేదు. చెయ్యాల్సి వచ్చింది, జరిగిపోయింది, అలా అయింది. క్రియ ఉంటుంది, కర్త చీర కొంగు కప్పుకుని తలుపు చాటున నిలబడి ఉంటుంది. పరిశోధన పొడవునా స్త్రీ పాత్రల వాక్యాల్లో కర్త ఎక్కడ మాయమవుతుందో గీతలు గీసి చూపించినదాన్ని. నా వాక్యం దగ్గరికి వచ్చేసరికి కనిపించలేదు. పరిస్థితులున్నాయి, నిజమే. నన్ను ఒంటరిని చేసిన ప్రశ్న తప్పుడు ప్రశ్నే. ఆ తప్పు నాది కాదు. ఉత్తరం మీద “ఉపసంహరించుకుంటున్నాను” అని రాసి సంతకం చేసిన చెయ్యి మాత్రం నాది. ఆ రోజు చేసినది కూడా నా నిర్ణయమేనని ఒప్పుకోకపోతే, రేపు ఇంకో నిర్ణయం చెయ్యగలనని దేన్ని చూసి నమ్మను?

“నేనే తీసుకున్నానమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపి, నోట్సులో ఏదో రాసుకుంది. ఆ సాయంత్రం హాస్టల్ నాటి నా స్నేహితురాలికి చాలా ఏళ్ళ తర్వాత ఫోన్ చేశాను. ఉత్తరం నకలు ఇంకా తన దగ్గరే ఉందట.